ఒకే లాట్‌కి రెండు గేట్‌పాస్‌లు: సర్వీసుల మధ్య మాటలని ఫార్మల్‌గా రాయడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకి, కమీషన్ వ్యాపారులకి సాఫ్ట్‌వేర్ చేసే చిన్న టీమ్ మీది. స్టాక్, బిడ్డింగ్, కాటా, పేమెంట్, గేట్‌పాస్, ఎస్సెమ్మెస్ అని ఆరు సర్వీసులు, అంటే విడివిడిగా నడుస్తూ ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ప్రోగ్రామ్‌లు. ప్రతిదానికీ ఓపెన్ ఏపీఐ డాక్యుమెంట్ (దాన్ని ఎలా పిలవాలో చెప్పే వివరణ) ఉంది, టెస్టులు పాసవుతున్నాయి, మధ్యలో సందేశాలు చేరవేసే కాఫ్కా నడుస్తోంది. అయినా సీజన్‌లో లోడ్ పెరిగేసరికి ఎవరికీ అంతుపట్టని తప్పులు వస్తున్నాయి. సీక్వెన్స్ డయాగ్రమ్‌లు (ఎవరి తర్వాత ఎవరు ఏ సందేశం పంపుతారో చూపే బొమ్మలు) గీస్తే చాలని మీ ఆర్కిటెక్ట్ అంటున్నారు, ఇంకొకరు బీపీఎంఎన్ (వ్యాపార పనుల క్రమాన్ని బొమ్మలుగా గీసే పద్ధతి) అంటున్నారు. మీరేమో టీఎల్ఏ ప్లస్ (సిస్టమ్ నడతని తర్కంతో రాసి యంత్రంతో పరీక్షించే భాష) గురించి చదివి, "ఇది మనలాంటి వాళ్ళకి పనికొస్తుందా, యూనివర్సిటీల వాళ్ళకేనా?" అని అడిగారు.

పనికొస్తుంది. మీలాంటి సిస్టమ్ దగ్గరే నేను ఈ విషయం నేర్చుకున్నాను కాబట్టి ఆ సంగతితోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట విజయవాడ నుంచి పనిచేస్తూ, ఒక వ్యాపార సంస్థకి నిల్వ సరుకు అమ్మకాల సిస్టమ్ చేశాం. వ్యాపారి ఒక లాట్‌ని రిజర్వ్ చేస్తాడు. స్టాక్ సర్వీస్ దాన్ని పదిహేను నిమిషాలు ఆపి ఉంచుతుంది. ఆలోపు "డబ్బు వచ్చింది" అని పేమెంట్ సర్వీస్ చెబితే లాట్ అమ్ముడైనట్టు, లేకపోతే రిజర్వేషన్ వదిలేస్తుంది. స్టాక్ "సరే" అన్నాక గేట్‌పాస్ సర్వీస్ డబ్బు కట్టినవాడి పేరు మీద పాస్ ఇస్తుంది. ఇంతే. ఒక రోజు పొద్దున్నే ఒకే లాట్ టిక్కీల (బస్తాల) కోసం రెండు లారీలు గేటు దగ్గర నిలబడ్డాయి. ఇద్దరి చేతుల్లోనూ పాస్ ఉంది, రెండూ మా సిస్టమ్ ఇచ్చినవే, ఇద్దరూ డబ్బు కట్టినవాళ్ళే.

లాగ్‌లు తవ్వితే బయటపడ్డ వరుస ఇది. మొదటి వ్యాపారి రిజర్వ్ చేసి డబ్బు కట్టాడు, కానీ బ్యాంకు నుంచి జవాబు ఆలస్యమైంది. గడువు తీరింది, లాట్ ఖాళీ అయింది. రెండో వ్యాపారి దాన్నే రిజర్వ్ చేశాడు. ఆ సమయంలో మొదటివాడి "డబ్బు వచ్చింది" సందేశం చేరింది. అందులో లాట్ నంబర్ మాత్రమే ఉంది. స్టాక్ చూసింది: లాట్ రిజర్వ్‌లో ఉంది, డబ్బు వచ్చింది, అమ్ముడు, సరే. మొదటివాడికి పాస్ వెళ్ళింది. కాసేపటికి రెండోవాడి డబ్బు సందేశం వచ్చింది. అప్పటికే అమ్ముడైన లాట్‌కి మళ్ళీ డబ్బు సందేశం వస్తే అది కాఫ్కా రెండోసారి పంపిన నకలు అయి ఉంటుందని, దానికి కూడా "సరే" అనాలని మేమే జాగ్రత్త కోసం రాసుకున్నాం. స్టాక్ దానికీ "సరే" అంది. రెండోవాడికీ పాస్.

ఇందులో ఏ సర్వీస్ తప్పు చేసింది? ఒక్కోదాన్ని విడిగా తీసి చూస్తే దాని డాక్యుమెంట్‌లో రాసిందే చేసింది. నకలు సందేశాల నుంచి కాపాడాలని పెట్టిన నియమమే రెండో పాస్ ఇప్పించింది. తప్పు సర్వీసుల్లో లేదు, వాటి మధ్య జరిగిన మాటల్లో ఉంది. ఆ మాటల్ని మేము ఎక్కడా రాయలేదు. సర్వీసులని రాశాం, సంభాషణని రాయలేదు. మీ ఆరు సర్వీసుల పరిస్థితి కూడా ఇదే అయి ఉంటుందని నా అంచనా.

ఓపెన్ ఏపీఐ మంచిదే, మానొద్దు. కానీ అది చెప్పేది ఒక సర్వీస్ తలుపుల గురించి: ఏ తలుపు ఉంది, ఏం ఇస్తే ఏం వస్తుంది అని. ఏ తలుపు తర్వాత ఏ తలుపు తట్టాలి, మధ్యలో ఇంకొకరు తడితే ఏమవుతుంది అన్నది అందులో ఉండదు. సీక్వెన్స్ డయాగ్రమ్‌లో వరుస ఉంటుంది, అయితే ఒకే ఒక్క వరుస. మీ ఆర్కిటెక్ట్ గీసే బొమ్మ ఒక కథ. మీకు కావలసింది జరగగల కథలన్నీ. అవి ఎన్నో లెక్క వేసి చూడండి. మూడు సర్వీసులు, ఒక్కోటి మూడేసి అడుగులు వేస్తుందనుకుంటే, ఆ అడుగులు ఒకదానిలో ఒకటి కలిసే వరుసలు 1,680. అదే ఐదేసి అడుగులైతే 7,56,756. ఇందులో ఇంకా సందేశం పోవడం, రెండుసార్లు రావడం, గడువు తీరడం లేవు. వీటిలో డయాగ్రమ్ గీసింది ఒకటి, టెస్టులు చూసింది ఓ ఇరవై. మిగతావి సీజన్ రద్దీలో మీ కస్టమర్లే చూస్తారు.

ఫార్మల్ వివరణ అంటే భయపడాల్సిన పదం కాదు. నాలుగు విషయాలు అనుమానానికి చోటు లేకుండా రాయడం. ఒక్కో పాత్రధారి ఏయే స్థితుల్లో ఉండొచ్చు. ఏ సందేశం వస్తే ఏ స్థితి నుంచి ఏ స్థితికి వెళ్ళొచ్చు. మధ్యలో ఉన్న రవాణా ఏమేం చేయొచ్చు, అంటే సందేశం ఆలస్యం కావొచ్చా, పోవొచ్చా, రెండుసార్లు రావొచ్చా, వెనకది ముందు రావొచ్చా. చివరిది, ఎప్పటికీ జరగకూడనిది ఏమిటి, ఎప్పటికైనా జరిగి తీరాల్సింది ఏమిటి. ఈ నాలుగూ రాసిస్తే యంత్రం ప్రతి వరుసనీ నడిపి చూసి, మీ మాట తప్పే అతి చిన్న కథని మీ ముందు పెడుతుంది. దీన్నే మోడల్ చెకింగ్ అంటారు. క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకి కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 2007లో వచ్చింది ఈ పనికే.

జరగకూడనిది, జరగాల్సింది రెండూ రాయాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే కొత్తవాళ్ళు మొదటిదే రాసి ఆపేస్తారు. "ఒక లాట్‌కి చెల్లే పాస్‌లు రెండు ఉండకూడదు" అన్నది మొదటి రకం. అసలు ఎవరికీ ఎప్పుడూ పాస్ ఇవ్వని సిస్టమ్ కూడా ఆ మాటని నిలబెట్టుకుంటుంది! అందుకే "డబ్బు కట్టిన ప్రతివాడికీ చివరికి పాస్ గానీ వాపసు గానీ అందాలి" అన్నది కూడా రాయాలి. ఈ విభజనని 1977లో లెస్లీ లాంపోర్ట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చూపించారు, అప్పటి నుంచి ఈ రంగమంతా దాని మీదే నిలబడింది.

ఇక ఏ పద్ధతి అన్నది. చాలా ఉన్నాయి, పేర్లు చూసి కంగారుపడకండి. మూడు కుటుంబాలుగా చూస్తే సరిపోతుంది.

మొదటిది సంభాషణనే బీజగణితంలా రాసేది. టోనీ హోర్ సీఎస్పీ 1978లో వచ్చింది, రాబిన్ మిల్నర్ సీసీఎస్ 1980లో. ఆ తర్వాత మిల్నర్, పారో, వాకర్ కలిసి 1992లో ప్రచురించిన పై కాల్కులస్‌లో ఒక సందేశం లోపల ఇంకో చానెల్ పేరునే పంపొచ్చు. "జవాబు ఈ టాపిక్‌కి పంపు" అని మీరు కాఫ్కా సందేశంలో పెడతారే, అదే. ఈ పద్ధతి బలం తెలియాలంటే నీడమ్–ష్రోడర్ సంగతి చూడండి. 1978లో ప్రచురించిన ఆ పబ్లిక్ కీ ప్రోటోకాల్ (నెట్‌వర్క్ మీద ఇద్దరు ఒకరినొకరు గుర్తుపట్టుకునే పద్ధతి) అసలు భాగంలో ఉన్నవి మూడే సందేశాలు. దాన్ని ఎందరో నిపుణులు చదివారు. అందులో మూడో మనిషి మధ్యలో దూరి మోసం చేసే దారి ఉందని గావిన్ లో 1995లో చూపించాడు, మరుసటి ఏడాది సీఎస్పీలో రాసి యంత్రంతో ఆ దాడిని పట్టించాడు. మూడు సందేశాల్లో తప్పు పదిహేడేళ్ళు దాగింది. మీ ఆరు సర్వీసుల మధ్య ఎన్ని సందేశాలున్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

రెండో కుటుంబం స్థితులు, తర్కం. టీఎల్ఏ ప్లస్ ఇందులోదే, లెస్లీ లాంపోర్ట్ చేసింది. ఆయనకి 2013 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇంజనీర్లు 2011 నుంచి దీన్ని వాడారు, తమ అనుభవాన్ని 2015లో ప్రచురించారు. డైనమోడీబీ అనే తమ డేటాబేస్‌లో వాళ్ళకి దొరికిన ఒక తప్పు బయటపడాలంటే 35 అడుగులు ఒక ప్రత్యేకమైన వరుసలో పడాలి. అలాంటిది డిజైన్ రివ్యూలోనో, టెస్టుల్లోనో దొరకడం అసాధ్యమని చెప్పొచ్చు. వాళ్ళు గణితవేత్తలు కారు, మనలాగా డెడ్‌లైన్ల మధ్య పనిచేసే ఇంజనీర్లే. మీ రెండో అనుమానానికి జవాబు అక్కడే ఉంది.

మూడోది నాకు చాలా ఇష్టమైనది, దాన్ని కొంచెం విడమరిచి చెబుతాను. సెషన్ టైప్స్ అంటారు. కోహెయ్ హోండా 1993లో ఇద్దరి మధ్య సంభాషణకి మొదలుపెట్టారు, 2008లో హోండా, యొషీదా, కార్బోనే కలిసి దాన్ని ఎంతమంది ఉన్నా పనిచేసేలా పెంచారు. మన వైపు పరిషత్తు నాటకాలు చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. నాటకం మొత్తం ఒక ప్రతి ఉంటుంది. అందులోంచి ఒక్కో నటుడికీ తన పోర్షన్ విడిగా రాసిస్తారు: ఎవరి ఏ మాట అయ్యాక తను అందుకోవాలి, ఏం అనాలి అని. అసలు ప్రతి సరిగ్గా ఉండి, పోర్షన్లు దాని నుంచే తీస్తే, రంగస్థలం మీద ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ నిలబడిపోవడం జరగదు. మీ టీమ్‌లో జరుగుతున్నది దీనికి తలకిందులు. ఆరుగురు ఆరు పోర్షన్లు విడివిడిగా రాశారు, నాటకం ఎవరి దగ్గరా లేదు.

ఇలా మొత్తం నుంచి ఒక్కొక్కరి భాగం తీసేటప్పుడు కొన్నిసార్లు తీయడం కుదరదు. ఆ కుదరకపోవడమే మనకి విలువైన సమాచారం. ఉదాహరణకి, డబ్బు కట్టిన వ్యాపారి లారీ రాకముందే కొనుగోలు రద్దు చేసుకున్నాడనుకోండి. స్టాక్‌కి తెలుసు, పేమెంట్‌కి తెలుసు. గేట్‌పాస్ సర్వీస్ రద్దయితే ఒకలా, రద్దు కాకపోతే ఇంకోలా నడవాలి, కానీ ఏది జరిగిందో దానికి ఎవరూ చెప్పలేదు. దాని పోర్షన్ రాయడానికి కూర్చుంటే, "ఇక్కడ నేను ఏ మాట విని నిర్ణయించుకోవాలి?" దగ్గర పెన్ను ఆగిపోతుంది. నియమం చిన్నది: ఒక నిర్ణయం వల్ల ఎవరి నడత మారుతుందో వాళ్ళందరికీ ఆ నిర్ణయం ఏదో ఒక సందేశంగా అందాలి. నేను చూసిన సర్వీసుల తప్పుల్లో పెద్ద వాటా ఈ ఒక్క నియమం తప్పడం వల్ల వచ్చినవే. ఏ టూలూ లేకుండా, ఒక కాగితం మీద మీరు ఈ రోజే దీన్ని పరీక్షించుకోవచ్చు.

బీపీఎంఎన్ గురించి: వ్యాపారులకి, అకౌంటెంట్లకి పని ఎలా నడుస్తుందో చూపించడానికి వాడండి. సందేశాల ఆలస్యాలు, నకళ్ళ గురించి ఆలోచించడానికి కాదు. ఒకప్పుడు వెబ్ సర్వీసుల కాలంలో సంభాషణ మొత్తాన్ని రాయడానికి డబ్ల్యూఎస్ సీడీఎల్ అనే భాష కూడా వచ్చింది, 2005లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దగ్గర అభ్యర్థి ప్రమాణం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఆలోచన మంచిదే, సెషన్ టైప్స్‌లో అది బతికే ఉంది.

మీకు నా సలహా టీఎల్ఏ ప్లస్, అందులోనూ ప్రోగ్రామ్‌లా కనిపించే ప్లస్‌కాల్ రాతతో మొదలుపెట్టడం. మీ వాళ్ళకి గణిత గుర్తులంటే మరీ టెన్షన్ అయితే పీ అనే భాష చూడండి. సర్వీసులని స్థితి యంత్రాలుగా రాసేస్తాం, మామూలు కోడ్‌లాగే ఉంటుంది. విండోస్ 8లో యూఎస్‌బీ డ్రైవర్ దానితోనే చేశారు.

ఇప్పుడు మా లాట్ కథకి తిరిగి వస్తాను. ఆ గొడవ సర్దుకున్నాక కూర్చుని మోడల్ రాశాం. ఇద్దరు వ్యాపారులు, ఒక లాట్, మూడు సర్వీసులు. అంతకంటే పెద్దది పెట్టలేదు. మొదట్లో అందరూ నిజమైన సైజు పెట్టాలనుకుంటారు, అవసరం లేదు. తప్పుల్లో ఎక్కువభాగం ఇద్దరు, ముగ్గురితోనే బయటపడతాయి. సందేశాల క్యూకి కూడా హద్దు పెట్టుకోండి. హద్దులేని క్యూల మీద మాట్లాడుకునే రెండు చిన్న యంత్రాలు ఇరుక్కుపోతాయా లేదా అన్నది కూడా సాధారణంగా ఏ ప్రోగ్రామూ తేల్చలేదని బ్రాండ్, జాఫిరోపులో 1983లోనే నిరూపించారు.

సందేశాలని క్యూగా కాకుండా ఒక సెట్‌గా రాశాం. పంపిన సందేశం అందులో చేరుతుంది, చదివినా తీసెయ్యం. ఇలా రాస్తే నకళ్ళు, వరుస తప్పడం విడిగా రాయకుండానే వచ్చేస్తాయి, ఎందుకంటే ఉన్న సందేశాన్ని ఎవరైనా ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా చదవొచ్చు. సందేశం పోవడం కూడా వచ్చేస్తుంది: చదివి తీరాలని ఎవరినీ బలవంతపెట్టం కదా. గడువు తీరడానికి గడియారం పెట్టలేదు. "రిజర్వ్‌లో ఉన్నప్పుడు ఏ క్షణంలోనైనా గడువు తీరొచ్చు" అని రాశాం, అంతే. పదిహేను నిమిషాలని ముప్ఫై చేస్తే సమస్య తీరుతుందన్న భ్రమ అక్కడితో పోయింది. గడువు తీరడం అంటే "డబ్బు రాలేదు" అని కాదు, "వచ్చిందో లేదో నాకు తెలియదు" అని. యూపీఐలో "పెండింగ్" చూసి, కట్టానో లేదో తెలియక షాపు ముందు నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఈ తేడా తెలుసు. మన కోడ్‌లో మాత్రం దాన్ని "లేదు" అని చదివేస్తాం.

యంత్రం మా రెండు లారీల కథని కొన్ని సెకన్లలో రాసి చూపించింది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. ఈ పని ముందే చేసి ఉంటే ఆ పొద్దున ఇద్దరు మనుషులు గేటు దగ్గర కొట్లాడుకునేవాళ్ళు కాదు.

పరిష్కారం కోసం పాత రైల్వే పద్ధతి గుర్తుచేసుకున్నాను. సింగిల్ లైన్ మీద రెండు స్టేషన్ల మధ్య ఒకే రైలు ఉండాలని టోకెన్ బంతి పద్ధతి పెట్టారు. స్టేషన్ దాటుతున్న రైలుకి ఒక వలయానికి కట్టిన సంచిలో బంతిని అందించేవాళ్ళు. రెండు స్టేషన్లలోని యంత్రాలు కరెంటుతో ముడిపడి ఉంటాయి, ఒక బంతి బయట ఉండగా రెండోది రాదు. మాకు కావలసింది అదే: ప్రతి రిజర్వేషన్‌కీ పెరుగుతూ పోయే ఒక నంబర్, ఆ నంబర్ లేకుండా డబ్బు సందేశం చెల్లదు. పాత నంబర్‌తో డబ్బు వస్తే స్టాక్ "చెల్లదు" అంటుంది, పేమెంట్ వాపసు ఇస్తుంది.

మళ్ళీ నడిపితే ఇంకో కథ వచ్చింది. "చెల్లదు" సందేశమే రెండుసార్లు చేరి, వాపసు రెండుసార్లు వెళ్ళింది. వాపసుని పేమెంట్ నంబర్‌కి కట్టాం. మూడోసారి రద్దు దగ్గర పట్టుకుంది: రద్దు సందేశం దారిలో ఉండగా లారీ గేటు దాటేసింది, సరుకూ వెళ్ళింది, డబ్బూ వాపసు వెళ్ళింది. ఇక్కడ సందేశాలు ఎంత వేగంగా పంపినా లాభం లేదు. రెండు పనుల్లో ఏది ముందో తేల్చే హక్కు ఒక్కరికే ఉండాలి. మేము గేట్‌పాస్ సర్వీస్‌కి ఇచ్చాం. రద్దు అడిగితే అది "పాస్ రద్దు చేశాను" అనో "లారీ వెళ్ళిపోయింది" అనో జవాబిస్తుంది, మొదటి జవాబు వచ్చాకే వాపసు. ఈ నిర్ణయం టెక్నికల్ కూడా కాదు, వ్యాపార యజమానిని పిలిచి అడిగి రాసుకున్నాం. మోడల్ రాయడంలో నాకు అన్నిటికంటే ఎక్కువ విలువ కనిపించేది ఇలాంటి చోటే. యంత్రాన్ని నడపకముందే, ఎవరూ అడగని ప్రశ్నని అది అడిగిస్తుంది.

రెండు చోట్ల మీరు ఇరుక్కుంటారు కాబట్టి ముందే చెబుతున్నా. "చివరికి జరగాలి" అనే రకం మాటలు పరీక్షించేటప్పుడు యంత్రం "ఎవరూ ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నారు, కాబట్టి జరగలేదు" అనే పనికిరాని కథ చూపిస్తుంది. చేయగలిగిన పనిని ఎప్పటికీ వాయిదా వేయరని విడిగా రాయాలి, దాన్నే ఫెయిర్‌నెస్ అంటారు. రెండోది, వేగం కోసం వ్యాపారులిద్దరూ ఒకటేనని సిమెట్రీ ఆప్షన్ పెడతారు. జరగకూడని వాటికి అది బాగానే పనిచేస్తుంది, కానీ జరగాల్సిన వాటిని పరీక్షించేటప్పుడు తీసెయ్యండి. లేకపోతే తప్పు ఉన్నా కనిపించకపోవచ్చు.

మోడల్ సరే, కోడ్ దాని ప్రకారమే ఉందని ఎవరు చూడాలి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, దీనికి సంపూర్ణమైన జవాబు లేదు. మేము చేసేది ఇది: ప్రతి లాట్‌కీ రిజర్వేషన్ నంబర్‌తో లాగ్ వరుస దొరుకుతుంది కదా, రాత్రి పూట ఒక చిన్న ప్రోగ్రామ్ ఆ వరుసలన్నీ తీసి, మోడల్‌లో ఉన్న స్థితి మార్పులతో పోల్చి, అనుమతి లేని అడుగు కనిపిస్తే పొద్దున్నే చెబుతుంది. సందేశాల ఆకారం తప్పకుండా మామూలు కాంట్రాక్ట్ టెస్టులు ఉండనే ఉన్నాయి. ఎవరైనా కొత్త సందేశం కలపాలంటే ముందు మోడల్‌లో కలిపి నడిపి చూపించాలన్నది మా రివ్యూ నియమం.

అన్నిటికీ మోడల్ రాయకండి. ఎస్సెమ్మెస్ రెండుసార్లు వెళితే కొంప మునగదు, దాన్ని వదిలేయండి. కాటా తూకం ఒకే డేటాబేస్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌లో ముగిసిపోతుంటే అదీ వదిలేయండి. అంతకంటే ముందు, స్టాక్, బిడ్డింగ్ నిజంగా రెండు సర్వీసులుగా ఉండాలా అని మీ ఆర్కిటెక్ట్‌తో మాట్లాడండి. ఎప్పుడూ కలిసే మారే రెండిటిని ఒకటి చేస్తే, వాటి మధ్య రాయాల్సిన సంభాషణే ఉండదు.

మీ దగ్గర మొదట రాయాల్సింది డబ్బు, సరుకు రెండూ కదిలే దారి: స్టాక్, పేమెంట్, గేట్‌పాస్. ఒకరిద్దరు రోజుకి రెండు గంటలు కేటాయిస్తే, భాష నేర్చుకోవడంతో కలిపి రెండు మూడు వారాల్లో పనికొచ్చే మోడల్ తయారవుతుంది. అది కుదరకపోతే కనీసం ఒక మధ్యాహ్నం ముగ్గురు డెవలపర్లు ఒక బల్ల దగ్గర కూర్చుని, కొనుగోలు రద్దైనప్పుడు ఎవరెవరికి ఏ సందేశం అందుతుందో కాగితం మీద రాయండి. గేట్‌పాస్ రాసేవారిని మాత్రం చివర్లో కాదు, ముందు మాట్లాడనివ్వండి.